పంక్చర్ షాపు ట్యూబు, ప్లంబింగ్ పైపు: ఏళ్లుగా నాతో డైవింగ్‌కి వస్తున్న ఇంటి సామాను

హైదరాబాద్‌లో ఉండి స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగున ఈదడం) చేయాలంటే రుషికొండకో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికో, అండమాన్‌కో పోవాల్సిందే. విమానంలో 15 కిలోల లగేజీ అంటే ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు), వెట్‌సూట్ (ఒంటికి అంటుకునే డైవింగ్ సూట్), రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) సర్దేసరికి పెట్టె నిండిపోతుంది. అందుకే చిన్నచిన్న సామాను తేలిగ్గా, చవగ్గా, సముద్రంలో జారిపోయినా బెంగ లేకుండా ఇంట్లోనే చేసుకుంటాను. చాలాకాలం వాడాను కాబట్టి ఏది నిలిచిందో, ఏది పనికిరాదో ధైర్యంగా చెప్పగలను.

ముందు ఒక మాట. గాలి వచ్చే దారిలో ఉన్న దేని మీదా నేను ప్రయోగాలు చేయను. నిండు సిలిండర్‌లో దాదాపు 200 బార్ల (బయటి గాలికి సుమారు 200 రెట్ల) ఒత్తిడి ఉంటుంది. రెగ్యులేటర్, హోస్‌లు, వాటి ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు), బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే జాకెట్) అన్నీ కంపెనీవే, సర్వీసింగ్ కూడా శిక్షణ ఉన్నవాళ్ల చేతే. నేను చేసే వస్తువు నీళ్లలో తెగినా, ఊడినా నా ఊపిరికి ఇబ్బంది రాకూడదు. ఆ హద్దు దాటే ఐడియా ఎంత బాగున్నా వదిలేస్తాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ముంజేతి పలక, నీళ్లలో రాసి మాట్లాడుకోవడానికి చేతికి కట్టుకునేది. 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కని జానెడు పొడవు కోసి, నిలువునా చీలిస్తే చేతి మీద చక్కగా కూర్చునే వంపు వస్తుంది. తెల్ల పైపే తీసుకోవాలి, బూడిద రంగు మీద రాత కనిపించదు. అంచులు బాగా అరగదీయకపోతే వెట్‌సూట్ చిరుగుతుంది. పైభాగాన్ని 220 నంబరు శాండ్ పేపర్‌తో రుద్దాలి. నున్నటి పీవీసీ మీద పెన్సిల్ జారిపోతుంది, కాస్త గరుకు చేస్తే నీళ్లలో కూడా రాత పడుతుంది. చెక్క పెన్సిల్ ఉప్పునీళ్లకి నాని చీలిపోతుంది కాబట్టి ఆర్ట్ సామాను షాపుల్లో దొరికే, పూర్తిగా గ్రాఫైట్‌తో చేసిన పెన్సిల్‌ని సన్నటి తాడుతో కట్టాను. చెరపడానికి కాస్త టూత్‌పేస్ట్, పాత బ్రష్ చాలు.

నేత్రాణి దగ్గర మా బావమరిది ఉన్నట్టుండి చెయ్యి అడ్డంగా ఊపాడు, ఏదో తేడా ఉందని. చెవా, మాస్కా, గాలా? నాకు టెన్షన్ మొదలైంది. చెయ్యి చాపితే నా పలక మీద "కడుపులో తిప్పుతోంది" అని రాశాడు. మెల్లగా పైకొచ్చి, జాగ్రత్త కోసం 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగి, పడవ ఎక్కాం. సైగలతో అంత స్పష్టంగా చెప్పడం కష్టం. షాపుల్లో అమ్మే పలకకీ దీనికీ రాతలో నాకు తేడా ఏమీ కనిపించలేదు.

రెండోది పాత ట్యూబు. రాణిగంజ్ వైపు ఒక పంక్చర్ షాపులో అడిగితే, "దీంతోని ఏం జేస్తవన్నా?" అంటూ మూలనున్న చుట్ట మొత్తం ఇచ్చేశాడు, పైసా తీసుకోలేదు. బైక్ ట్యూబుని అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున కోస్తే పలకకి పట్టీలు, బ్యాకప్ టార్చ్‌ని బీసీడీ పట్టీకి అదిమి పెట్టే బ్యాండ్లు వస్తాయి. సన్నటివి సైకిల్ ట్యూబుతో. లోపలి పొడిని సబ్బుతో కడగాలి. ఆఫీసు రబ్బరు బ్యాండ్లు ఒక ట్రిప్పుకే జిగటగా అయిపోతాయి, ఇవి చాలాకాలం వస్తాయి. కానీ మన ఎండాకాలంలో బాల్కనీలోనో కారు డిక్కీలోనో వదిలేస్తే వీటికీ ఆయుష్షు తీరుతుంది. బయల్దేరే ముందు ఒక్కోదాన్నీ బొటనవేలి మీద బాగా సాగదీసి చూస్తాను. సన్నటి పగుళ్లు కనిపిస్తే చెత్తబుట్టకే.

సామాను ఒంటికి తగిలించుకునే కొక్కేల విషయంలో మాత్రం పొదుపు వద్దు. కుక్క గొలుసుకి ఉండే మెరుగు పూత కొక్కేలు మేమూ వాడి చూశాం, లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. చేతికి గ్లవ్స్ ఉన్నప్పుడు అది అస్సలు తెరుచుకోదు. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలే కొనండి.

మాస్క్‌కి మంచు పట్టకుండా బేబీ షాంపూలో నీళ్లు కలిపి చిన్న సీసాలో పోసుకుంటాను. బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దీనికోసం వేరే ద్రావణం కొనక్కర్లేదు.

నీళ్లలో టార్చ్ బరువు తగ్గించడానికి స్పాంజి చుట్టే చిట్కా నేను సిఫారసు చేయను. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, స్పాంజి నలిగిపోయి తేలే గుణం పోతుంది. గుర్తు కోసం ఎర్ర టేపు కూడా వద్దు. నీళ్లలో అన్నిటికంటే ముందు మాయమయ్యేది ఎరుపే, కొన్ని మీటర్లు దిగగానే నల్లగా కనిపిస్తుంది. పసుపు టేపు అంటించండి.

ఇంటికొచ్చాక కడగడం గురించి కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, మంజీరా నీళ్లు రెండూ వస్తాయి. బోరు నీళ్లతో కడిగితే ఆరాక బకిల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. అందుకే మంజీరా నీళ్లు పట్టిన డ్రమ్ములో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరేస్తాను. పలక చేయగా మిగిలిన పైపుని మామూలు హ్యాంగర్ భుజాలకి తొడిగితే వెట్‌సూట్‌కి మడత పడదు. ఇంతకీ పైపు మొత్తం కొనకండి. కట్టుబడి జరుగుతున్న ఏ ఇంటి దగ్గరైనా ప్లంబర్‌ని అడిగితే ముక్కలు ఉత్తినే ఇస్తారు.