పదార్థాల పేర్లు లేని ‘సర్వరోగ నివారిణి’: కోయి పెంచేవారికి ఒక హెచ్చరిక

పెరటి కొలనులో కోయి అనే రంగురంగుల అలంకార చేపలు పెంచుతున్నవారు, లోపల ఏముందో సీసా మీద రాయని మందును ఎవరు ఎంత నమ్మకంగా చెప్పి అమ్మినా కొనవద్దని, వీడియో చూసి రోగం పేరు తేల్చేవారి మాట మీద కొలనులో ఏదీ పోయవద్దని హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. చేపలు, మందులు, ఫిల్టర్ సామగ్రి అన్నీ ఒకే చోట అమ్మే ఒక విక్రేత వద్ద మాకు ఎదురైన అనుభవం దీనికి కారణం. ఇటువంటి అమ్మకం ఆ ఒక్కరితో ఆగేది కాదు కనుక పేరు చెప్పడం లేదు. పద్ధతిని గుర్తుపడితే చాలు.

క్వారంటైన్ పూర్తయిందన్న హామీతో కొన్న కోయిలను కొలనులో వదిలిన కొన్నాళ్లకే కొత్తవీ పాతవీ అన్న తేడా లేకుండా చేపలన్నీ గోడకు ఒళ్లు రాసుకోవడం, ఉన్నట్టుండి పక్కకు తిరిగి దూసుకుపోవడం, వాజాలను ఒంటికి అదిమిపెట్టుకొని నీరు పడే చోట గుమిగూడడం మొదలుపెట్టాయి. మేత నోట్లోకి తీసుకొని వెంటనే ఉమ్మేసేవి. నల్లమచ్చల చేపల వీపు మీద బూడిదరంగు జిగురు పొర స్పష్టంగా కనిపించేది. ఈ లక్షణాలన్నీ ట్రైకోడైనా, కాస్టియా వంటి సూక్ష్మజీవుల వల్ల రావచ్చు, చర్మానికీ మొప్పలకూ అంటుకునే ఫ్లూక్ పురుగుల వల్ల రావచ్చు, అసలు ఏ జీవీ లేకుండా నీటిలో అమ్మోనియా పెరిగినా, కుళాయి నీటితో క్లోరిన్ వచ్చి చేరినా రావచ్చు. అందువల్ల వీటిని చూసి చేపకు బాగాలేదని చెప్పవచ్చు తప్ప ఎందుకు బాగాలేదో ఎవరూ చెప్పలేరు. విక్రేత మాత్రం వీడియో అందిన వెంటనే అది బ్యాక్టీరియా అని తేల్చి, నీటి పరీక్ష గురించి ఒక్క మాటైనా అడగకుండా ఒక సీసా అంటగట్టారు.

ఆ సీసా మీద అందమైన కోయి బొమ్మ, ‘అన్ని చేప రోగాలకు’ అన్న మాట తప్ప మరేమీ లేవు. మందు పదార్థం పేరు, గాఢత, తయారీ తేదీ, గడువు తేదీ, ఏ వ్యాధులకు వాడకూడదన్న సూచన ఏదీ లేదు. మోతాదు ‘చిన్న కొలనుకు ఒక మూత, పెద్ద కొలనుకు రెండు మూతలు’ అని రాసి ఉంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న కొలనులో 7,200 లీటర్ల నీరు ఉంటుంది; అదే లోతు తగ్గితే నీరు సగమే ఉండవచ్చు. చూసేవారికి రెండూ ‘చిన్న కొలనులే’. మందుకూ విషానికీ మధ్య తేడా మోతాదులోనే ఉన్నప్పుడు, నీటి పరిమాణం అడగకుండా మూతలతో కొలిచి పోయమనడం వైద్యం అనిపించుకోదు. ఏముందని అడిగితే వ్యాపార రహస్యమన్నారు.

ఆయన చెప్పినంతే పోశాక, ఆ రాత్రి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగసాగాయి. కారణం తరువాత తెలిసింది. వేలికి అంటితే వదలని ఆకుపచ్చ రంగును, ముక్కునూ కళ్లనూ మండించే ఘాటును బట్టి అది ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిసిన ఘాటైన ద్రవం), మలకైట్ గ్రీన్ (ఆకుపచ్చ రంగు రసాయనం) కలిపిన ద్రావణం అయి ఉంటుందని చేపల వైద్యుడు అభిప్రాయపడ్డారు. కొన్ని పరాన్నజీవుల మీద ఈ జోడీ పనిచేసే మాట నిజమే. అయితే లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల చొప్పున వేసిన ఫార్మాలిన్, ఒకటి ఒకటిన్నర రోజుల్లో లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌ను తీసేస్తుంది. లీటరుకు 25 మిల్లీగ్రాములు వేస్తే ఎంత పోతుందో లెక్క మీరే వేసుకోవచ్చు. వేడి నీటిలో ఆక్సిజన్ ముందే తక్కువ, రాత్రి పూట నాచు మొక్కలు కూడా దాన్నే వాడుకుంటాయి. అందుకే ఈ మందు వాడినంతసేపూ నీటిలోకి గాలి పంపే ఏరేటర్ గట్టిగా నడవాలి. ఆ ఒక్క వాక్యం కూడా సీసా మీద లేదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు పెద్ద చేపలే ముందు ఇబ్బంది పడతాయి. మాకూ ముందు పోయినవి పెద్దవే. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మరునాడు ఫోన్ చేస్తే కొలనులో ఉప్పు వేయమన్నారు. ఉప్పు కోయిలకు పనికిరానిది కాదు. అమ్మోనియా నుంచి ఏర్పడే నైట్రైట్ అనే విషం నీటిలో పెరిగినప్పుడు ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల ద్వారా రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది. కానీ చేపలతోపాటు ఫిల్టర్ కోసం జియోలైట్ రాళ్ల సంచిని మాకు అమ్మినది ఆయనే. జియోలైట్ నీటిలోని అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. ఉప్పు తగిలితే సోడియంను తీసుకొని, పట్టి ఉంచిన అమ్మోనియాను తిరిగి నీటిలోకి వదిలేస్తుంది. రెండూ అమ్మేవారికి ఈ సంగతి తెలియకపోతే అజ్ఞానం, తెలిసీ చెప్పకపోతే అంతకన్నా ఘోరం. ఉప్పు వేశాక టెస్ట్ కిట్ గొట్టంలో నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది, అంటే అమ్మోనియా బాగా పెరిగిందన్నమాట. అమ్మోనియా ఎంత హానికరమో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) నిర్ణయిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి: 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కన్నా తక్కువ, 8 ఉంటే సుమారు 5 శాతం, 9 ఉంటే మూడో వంతుకు పైనే. అమ్మోనియా అంకె ఒక్కటే చూసి ధైర్యం చెప్పేవారిని పీహెచ్ ఎంత అని తప్పకుండా అడగండి.

అప్పుడు పిలిపించిన వైద్యుడు మొదట నీటిని పరీక్షించి, చాలా భాగం మార్పించి, జియోలైట్ సంచిని తీయించారు. తరువాత బతికి ఉన్న ఒక చేపను తడి చేతులతో పట్టుకొని, గాజు పలక అంచుతో తల నుంచి తోక వైపుకు జిగురును మెల్లగా గీసి, కొలను నీటి చుక్కతో సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నేనూ చూశాను. పారదర్శకమైన పురుగు ఒకటి కొక్కేలతో జిగురును పట్టుకొని సాగుతూ ముడుచుకుంటూ ఉంది. దాని కడుపులో ఇంకా పుట్టని పిల్ల, ఆ పిల్లకు అప్పటికే తయారైన మరో జత కొక్కేలు. గుడ్లు పెట్టకుండా పిల్లలను కనే చర్మపు ఫ్లూక్ అది, గైరోడాక్టిలస్. మొప్ప అంచు నుంచి తీసిన నమూనాలో నాలుగు నల్లని కంటి చుక్కలున్న డాక్టిలోగైరస్ అనే మొప్పల ఫ్లూక్ కూడా కనిపించింది. పరీక్ష మొత్తం ఒక కాఫీ తాగినంత సేపట్లో అయిపోయింది. బ్యాక్టీరియా అన్న మాటకు ఆధారం అసలు ఎక్కడా దొరకలేదు.

ఫ్లూక్‌లకు ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వాడారు. కొలను నీటిని లీటర్లలో లెక్కగట్టి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తూకం వేసి, పొడి సరిగా కరిగేలా చూసి పోశారు. మొప్పల ఫ్లూక్ పెట్టే గుడ్లను ఈ మందు చంపదు కనుక, అవి పొదిగాక మళ్లీ వేయాలి. నీరు వెచ్చగా ఉంటే గుడ్లు త్వరగా పొదుగుతాయి, చల్లగా ఉంటే ఆలస్యమవుతాయి. ఒక్కసారి పోస్తే చాలు అన్నవారి మాట ఇక్కడే పట్టుబడిపోతుంది.

విక్రేత మూడో అస్త్రంగా యాంటీబయాటిక్ పొడిని కూడా కొలనులో కలపమన్నారు. దాన్ని మేము కొనలేదు. కొలను నీటిలో కలిపిన యాంటీబయాటిక్, అమ్మోనియాను మార్చే ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీయగలదు, మందుకు లొంగని క్రిములను పెంచగలదు. చర్మం మీద పుండు పడిన చేపకు నిజంగా యాంటీబయాటిక్ అవసరమైతే, పుండు నుంచి నమూనా తీసి ఏ మందుకు లొంగుతుందో ప్రయోగశాలలో చూపించి, వైద్యుడి చీటీ మీద వాడటమే సరైన దారి.

ఇక క్వారంటైన్ హామీ సంగతి. అడగగా అడగగా పంపిన వీడియోలో ఆ తొట్టిలోకి కొత్త సరుకు దించుతూనే ఉన్నారు, పక్క తొట్టిలో వాడిన వలనే ఇందులోనూ ముంచుతున్నారు. కొత్త చేప కలిసిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలు కావాలి. కనీసం 30 రోజులు, విడి వలతో, విడి ఫిల్టర్‌తో ఉంచితేనే అది క్వారంటైన్. నీటి ఉష్ణోగ్రత కూడా అడగండి. కోయి హెర్పిస్ వైరస్ వ్యాధి సాధారణంగా 16 నుంచి 28 డిగ్రీల మధ్యే బయటపడుతుంది; చల్లని నీటిలో ఎన్నాళ్లు ఉంచినా ఆ చేప ఆరోగ్యంగానే కనిపించవచ్చు. దానికి మందు లేదు, సోకిన కొలనులో 80 నుంచి 100 శాతం చేపలు పోవచ్చు, బతికి బయటపడ్డవి వైరస్‌ను మోసుకు తిరగవచ్చు. గుంటలు పడిన కళ్లు, మొప్పల మీద తెల్లని కుళ్లు మచ్చలు కనిపిస్తే సీసాల కోసం వెతకకుండా, వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్షకు పంపాలి. పరీక్షకు జబ్బుపడి బతికి ఉన్న చేప అన్నిటికన్నా మేలు. అప్పుడే చనిపోయినదైతే మంచు మీద ఉంచి వెంటనే చేర్చండి, గడ్డకట్టించవద్దు. పరాన్నజీవుల కోసం చూడాలన్నా అంతే, చేప చచ్చాక అవి త్వరగా విడిచిపోతాయి.

డబ్బు వాపసు అడిగితే ‘మీ నీళ్లు మంచివి కావు’ అన్నారు. కొన్న రోజే నీటి రీడింగులు, సీసా నాలుగు వైపుల ఫొటోలు, విక్రేత హామీ ఇచ్చిన సందేశాలు భద్రం చేసుకోండి. అవి ఉంటేనే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

ఇటువంటి సీసా ఇప్పటికే కొన్నవారు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకొని వాసన చూడవద్దు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. చల్లదనానికి ఫార్మాలిన్ అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. అది చేపలకు మరింత విషం కనుక అటువంటి సీసాను ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. పొటాషియం పర్మాంగనేట్‌తో ఫార్మాలిన్‌ను కలపడం ప్రమాదకరం. మిగిలినదాన్ని కాలువలోనో మొక్కల పాదులోనో పారబోయకుండా, మూత బిగించి పిల్లలకు అందని చోట ఉంచి, రసాయన వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.