హైదరాబాద్‌లో ఒక క్రీడా పరీక్షా కేంద్రం: కొలతలు మంచివే, పోలిక సరికాదు

మా అమ్మాయిని తీసుకెళ్ళిన ఈ కేంద్రంలో పరుగులో దమ్మును కొలిచే యో-యో పరీక్షను నియమబద్ధంగానే నిర్వహిస్తారు: బీప్ శబ్దానికి అనుగుణంగా 20 మీటర్లు వెళ్ళి తిరిగి వచ్చాక 10 సెకన్ల విరామమిచ్చి, క్రమంగా వేగం పెంచుతారు. నిలువు జంప్‌లో ప్రతి ప్రయత్నం తర్వాత ఎత్తును వెంటనే తెరపై చూపడం నాకు బాగా నచ్చింది. అంకె కళ్ళెదుట ఉంటే పిల్లలు మరింత పట్టుదలగా ఎగురుతున్నారు. అయితే ఒకరిని ఒంటరిగా, మరొకరిని తోటివారితో కలిపి పరుగెత్తించి, ఆ ఫలితాలను ఒకే పట్టికలో పోల్చడం సరికాదు. పక్కన మరొకరుంటే సైక్లిస్టుల వేగం పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే గుర్తించారు. పైగా ర్యాంకులను గోడకు అంటించడంతో చివరనున్న పిల్లలు పరీక్షకు ముందే నీరుగారిపోతున్నారు (కార్పొరేట్ కాలేజీల అలవాటు మైదానానికీ పాకినట్టుంది). నివేదిక రుసుముకు తగినట్టే ఉంటుంది. మలి పరీక్షను మాత్రం అవే పరిస్థితుల్లో జరపమని ముందుగానే అడగండి.