ఆ వేలంలో 'జర్మన్ డయానా' కొనే ముందు స్టికర్ పీకి చూడండి

వాళ్ల పేరు రాయను. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఉంటూ పాత ఎయిర్ రైఫిళ్ల పిచ్చి పట్టిన మనవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. నెలకోసారి గడియారాలు, కుర్చీలు, గన్నులు అన్నీ కలిపి వేలం వేస్తారే, వాళ్లే. నిన్న సాయంత్రం వాళ్ల కౌంటర్ దగ్గర్నుంచి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

క్యాటలాగ్‌లో ఉన్నది ఇదీ: 'డయానా మోడల్ 27, జర్మనీ, సుమారు 1935'. డయానా అంటే జర్మన్ ఎయిర్ రైఫిళ్ల బ్రాండు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలోని రాస్టాట్ ఫ్యాక్టరీలో చేసిన గన్ను అనుకుని ఎగేసుకుంటూ వెళ్లాను. మా ఊరి తిరనాళ్లలో బెలూన్లు కొట్టిన రోజుల నుంచీ ఉన్న జబ్బు ఇది. ముందురోజే వెళ్లి చేత్తో పట్టుకుని చూశాను, బారెల్ వంచి చూశాను, స్ప్రింగ్ బిగువుగానే ఉంది. బారెల్ వెనక స్ప్రింగ్ ఉండే ట్యూబు మీద 'డయానా', 'మోడ్ 27' అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. వాటి పక్కనే లాట్ నంబరు వేసిన తెల్ల స్టికర్. బోలెడంత కర్ర మడమ ఖాళీగా ఉండగా దాన్ని అక్కడే ఎందుకు అంటించారు అన్న అనుమానమే రాలేదు. పదిహేనేళ్లుగా ఇంకొకళ్ల కోడ్‌లో తప్పులు వెతికి బతుకుతున్నవాణ్ణి నేను!

పాట 110 పౌండ్ల దగ్గర ఆగింది. వేలం వాళ్లు తీసుకునే 24 శాతం ప్రీమియం, దాని మీద వ్యాట్, మొత్తం 141 పౌండ్ల 68 పెన్సులు. ఇక్కడి చట్టం ప్రకారం వ్యాపారి ఎయిర్ గన్ను ముఖాముఖీ చేతికివ్వాలి, కాబట్టి తెచ్చుకోవడానికి గంటన్నర డ్రైవ్.

ఇంటికొచ్చి మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో స్టికర్ వెచ్చబెట్టి, గోటితో మెల్లగా లేపాను. జిగురు మీద నూనె గుడ్డతో రుద్దుతుంటే ఒక్కో అక్షరం బయటపడింది. మేడ్ ఇన్... నేను 'జర్మనీ' కోసం చూస్తున్నాను. వచ్చింది 'గ్రేట్ బ్రిటన్'.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి. యుద్ధం తర్వాత రాస్టాట్ యంత్రాలు బ్రిటన్‌కి తరలిపోయాయి. స్కాట్లండ్‌లోని మదర్‌వెల్‌లో మిల్‌బ్రో కంపెనీ వాటితో డయానా పేరునే పెట్టి 1980ల మొదటిదాకా గన్నులు చేసింది. జర్మన్లు మళ్లీ ఫ్యాక్టరీ తెరిచాక ఇక్కడ వాళ్ల పేరు వాళ్లే వాడుకోలేక 'ఒరిజినల్' అని ముద్ర వేసి అమ్ముకున్నారు. ఇదంతా నాకు ముందే తెలుసు. అదే సిగ్గుచేటు. ఇంకొకళ్లకి పాఠాలు చెప్పినవాణ్ణి.

నిన్న గన్నూ, టిష్యూలో భద్రంగా పెట్టిన స్టికరూ పట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఆయన ట్యూబు వైపు చూడనేలేదు.

"స్టికర్ తీసి చూడొద్దని మేమేమైనా అన్నామా సర్?"

"జర్మనీ అని రాశారు కదా?"

"అది మా అభిప్రాయం. 'సుమారు' అని కూడా ఉంది చూడండి."

1935కి సుమారు అంటే 1955 కూడానా, జర్మనీకి సుమారు అంటే స్కాట్లండా అని అడిగాను. పక్క సీటు ఆవిడ వైపు తిరిగి నవ్వి, "రెండూ యూరప్పేగా" అన్నాడు. అంతటితో ఆగలేదు. టిష్యూలోంచి స్టికర్ తీసుకుని, ఉండ చుట్టి, చెత్తబుట్టలో వేశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. పీకే ముందు ఒక ఫొటో అయినా తీసుకున్నానా? లేదు. ఇప్పుడు ఆ ముద్ర స్టికర్ కింద ఉండేదనడానికి నా నోటి మాట తప్ప ఏముంది! వచ్చే దారిలో గన్ షాపులో అడిగితే అరవై పౌండ్లకి మించి ఇవ్వనన్నాడు.

కొనేవాళ్లు ట్యూబు మీద ఉన్న ప్రతి ముద్రకీ ఫొటో అడగండి, మెయిల్లోనే అడగండి. మోడల్ అంకెని బట్టి కాలం కట్టకండి, యుద్ధానికి ముందూ తర్వాతా, అక్కడా ఇక్కడా అదే 27. యుద్ధం తర్వాతి రాస్టాట్ గన్నులు చాలావాటికి నెల, ఏడాది చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి, టార్చి వేసి వెతకండి.

పొద్దున వచ్చే నెల క్యాటలాగ్ పెట్టారు. అందులో ఇంకో 'యుద్ధపూర్వ డయానా' ఉంది. ఫొటోలో స్టికర్ సరిగ్గా అదే చోట.