పలుచని ట్రైల్ షూస్: బండల మీద ఒక మాట, కంపలో ఇంకో మాట

ఈ బూట్ల బరువెంత, మడమకీ ముందు భాగానికీ ఎత్తు తేడా ఎంత, పై గుడ్డ ఏ రకం అన్నవి కొనేముందు అందరూ చూసేవే. వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది సోలు గురించి. వీటిని నేను ఇంతగా ఇష్టపడడానికీ, ఒక రోజు వీటి మీద పట్టరాని కోపం రావడానికీ కారణం ఆ పలుచని రబ్బరే. కొన్నేళ్ళుగా ట్రైల్ పరుగుకు, అంటే గుట్టల్లో, మట్టి బాటల్లో పరుగుకు, ఈ తరహావే వేసుకుంటున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకంలో చాలా బూట్ల సోలు ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి, కొనేవాళ్ళకు పేరు కన్నా సోలు సంగతి తెలియడం ముఖ్యం.

ముందు మంచి చెబుతాను, అది నిజంగా మంచే కాబట్టి. మేముండేది హైదరాబాద్‌లో పడమటి వైపు. ఖాజాగూడ గుట్టలు దగ్గరే. అక్కడంతా గ్రానైట్. ఏటవాలు పరుపు బండలు, వాటి మీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు, సందుల్లో జారిపోయే మొరం. మామూలు రన్నింగ్ షూస్‌లో మడమ కింద మూడు సెంటీమీటర్ల దాకా ఫోమ్ ఉంటుంది. ఏటవాలు బండ మీద అడుగు పడితే ఆ ఫోమ్ ఒక పక్కకు నొక్కుకుపోతుంది, దానితో పాటు చీలమండ కూడా వాలుతుంది. అక్కడ పాత బూట్లతో పరిగెత్తినన్నాళ్ళూ నా కళ్ళు కాళ్ళ ముందున్న నేలను వదిలేవి కావు, చీలమండ ఎప్పుడు మెలిక పడుతుందోనని ఒకటే టెన్షన్.

పలుచని సోలు వేసుకున్నాక ఆ భయం చాలావరకు పోయింది. పాదం నేలకు దగ్గరగా ఉంటే మెలిక పడేంత ఎత్తే ఉండదు. ఎండకూ వానకూ బండ పైపొర అప్పడంలా లేచి ఉంటుంది చూడండి, అలాంటి చోట కాలు పెట్టగానే పొర కదులుతున్నది అరికాలికి తెలిసిపోతుంది, పూర్తి బరువు మోపకముందే కాలు తనంతట తానే సర్దుకుంటుంది. ముందు భాగం వెడల్పుగా ఉండడంతో దిగేటప్పుడు బొటనవేలు విడిగా నేలను పట్టుకుంటుంది. ఇదివరకు దిగుడులో వేళ్ళు బూటు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. పొద్దున్నే చల్లటి బండ మీద నుంచి ఎండ పడిన బండ మీదికి వస్తే ఆ వెచ్చదనం కూడా సోలు గుండా తెలుస్తుంది. ఈ సుఖం తెలిశాక మళ్ళీ మెత్తటి ఫోమ్ మీదికి వెళ్ళడం నా వల్ల కాలేదు.

మొదట్లో పిక్కలు పట్టేస్తాయి, అది అందరికీ ఉండేదే. తొందరపడితే మాత్రం కథ పిక్కలతో ఆగదు. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పది వారాల్లో మామూలు బూట్ల నుంచి వేళ్ళ తొడుగుల్లాంటి పలుచని బూట్లకు మారిన రన్నర్లను ఎమ్మారై తీసి చూస్తే, సగం మందికి పైగా పాదాల ఎముకల్లో వాపు పెరిగి కనిపించింది. ఈ బూట్లు గాయాలు తగ్గిస్తాయన్న ప్రచారాన్ని కూడా నేను పట్టించుకోను. అలాంటి ప్రచారం మీద వేసిన దావాలో, ఆ వేళ్ళ తొడుగుల్లాంటి బూట్లు చేసే వైబ్రమ్ కంపెనీ 2014లో, తప్పు ఒప్పుకోకుండానే, 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. నేను వీటిని వేసుకునేది ఆరోగ్యం కోసం కాదు, బండ మీద పరుగు బాగుంటుందని. అందుకే నెలల తరబడి నడకకు, కాస్త జాగింగ్‌కు మాత్రమే వాడి, ఆ తర్వాతే గుట్టలెక్కాను.

ఇక కోపం సంగతి.

సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. అనంతపురం జిల్లా. మా చెరువు నిండే ఏడాది తక్కువ, లోపలంతా సర్కారు తుమ్మ కమ్ముకుంది. బొగ్గుల కోసం కంప కొట్టేవాళ్ళు మొద్దులు పట్టుకుపోయి రెమ్మలు దారిలోనే వదిలేస్తారు. ఎండిన రెమ్మ నేల రంగులో కలిసిపోతుంది, పరుగులో ఉన్నవాడి కంటికి ఆనదు. తూము పక్క నుంచి చెరువులోకి దిగి అడ్డదారిన పోతుంటే, కుడికాలు ఎత్తగానే మూరెడు రెమ్మ కూడా కాలితో పాటే లేచింది. నొప్పి ఆ తర్వాత తెలిసింది. బూటు విప్పబోతే రాలేదు. ముల్లు సోలును దాటి, లోపలి అట్టను దాటి, బొటనవేలి మొదట్లో దిగి ఉంది. దాన్ని బయటి నుంచే లాగాల్సి వచ్చింది. లాగితే సగమే వచ్చింది, మొన లోపలే విరిగింది.

అవతల మా ఊరి పెద్దాయన గొర్రెలు మేపుతున్నాడు. నాకు వరసకు మామ.

"ఏం అల్లుడా, అట్ల కూచున్యావు?"

"ముల్లిరిగింది మామా."

"యాదీ, సూపీ."

కూర్చుని నా పాదం తన మోకాలి మీద పెట్టుకున్నాడు. మొలతాడుకున్న పిన్నీసు తీసి అగ్గిపుల్ల మంట మీద కాల్చాడు. ముల్లు దిగిన చోట తోలు కొంచెం కొంచెంగా లేపి, రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ నొక్కితే నల్లటి మొన పైకి వచ్చింది, బియ్యపు గింజంత. దాన్ని నా అరచేతిలో పెట్టి, నా బూటు తీసుకుని సోలు మీద వేలితో నొక్కి చూశాడు.

"ఇంత మెత్తగుంటే ముల్లుకేమి అడ్డం అల్లుడా?"

తన టైరు చెప్పు విప్పి తిరగేసి చూపించాడు. అడుగంతా విరిగిన ముళ్ళ మొదళ్ళే. కొన్ని పాతబడి రబ్బరుతో సమంగా అరిగిపోయాయి, కొన్ని ఇంకా గరుకుగా తేలి ఉన్నాయి. పై వైపు వేలు పెట్టి రాసి చూశాను. ఒక్క మొన కూడా పైకి రాలేదు.

టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నా పాదం వాచింది. పండగ మూడు రోజులూ మడమ మీదే నడిచాను. ఈ ముల్లు గుచ్చుకున్నవాళ్ళకు తెలుసు, మొన తీసేసినా సలుపు అంత తొందరగా పోదు.

వాపు తగ్గాక బూటును వెలుతురులో పెట్టి చూశాను. ముల్లు దిగింది సోలు గట్ల మధ్య ఉండే పల్లంలో. డబ్బా మీద మొత్తం మందం 8 మిల్లీమీటర్లని ఉంటుంది. అందులో కింద గట్లు 3, లోపలి అట్ట 3. గట్లు లేని చోట ముల్లుకూ అట్టకూ మధ్య మిగిలే అసలు రబ్బరు 2 మిల్లీమీటర్లే. లోపలి అట్టేమో ఫోమ్, అది ముల్లును ఆపదు. సర్కారు తుమ్మ ముల్లు ముదిరితే బొటనవేలంత పొడవు కూడా ఉంటుంది. నా కోపం దీని గురించే. గట్టి నేల మీద వాడే బూటుకైతే ఈ లెక్క సరిపోతుంది. ట్రైల్ అని పేరు పెట్టి అమ్మే బూటుకు మాత్రం పల్లంలో రబ్బరు మందం విడిగా రాయాలి. నేను చూసినంతలో అది రాసినవాళ్ళు లేరు.

ఆ టైరు చెప్పు చూశాక నాకు మెక్సికోలోని రరామురి తెగ పరుగువీరులు గుర్తొచ్చారు. ఉత్తకాళ్ళ పరుగు, పలుచని బూట్లు అనగానే అందరూ ఎత్తేది వాళ్ళ పేరే. చివావా రాష్ట్రంలో కాపర్ కాన్యన్ లోయల్లో ఉంటారు. వాళ్ళు వేసుకునే వారాచీ చెప్పుల అడుగు ఇప్పుడు ఎక్కువగా పాత టైరు ముక్కే. 1993లో కొలరాడోలో జరిగిన లెడ్‌విల్ 100 మైళ్ళ పరుగులో 55 ఏళ్ళ విక్టోరియానో చురో గెలిచింది అలాంటి చెప్పులతోనే. వాళ్ళ కాలి కింద ఫోమ్ లేదన్న మాట నిజమే. కానీ మెత్తదనం వద్దనుకోవడం వేరు, అడ్డే లేకపోవడం వేరు. ముళ్ళ నేల మీద పరిగెత్తేవాళ్ళు గట్టి రబ్బరును వదులుకోలేదు. మన సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, 1870ల్లో, కడప వైపు నాటించారు. పశువులు, మేకలు కాయలు తిని గింజలను ఊరూరా చల్లేశాయి. అక్కడివాళ్ళూ, మా మామా ఒకే రకం ముల్లుకు ఒకే టైరుతో జవాబు చెప్పారు.

తర్వాతి జతకు నేను చూసుకున్నది ఇదే. మొత్తం మందం ఎంతని అడగడం మానేసి, గట్ల మధ్య పల్లంలో గోరుతో గట్టిగా నొక్కి చూశాను. గోరు గుర్తు పడి నిలిచిపోయే రబ్బరును పక్కన పెట్టేశాను. మధ్యలో ఫోమ్ పొర లేనిదీ, అడుగంతా ఒకే రబ్బరుతో ఉన్నదీ ఎంచుకున్నాను. రాళ్ళ నుంచి కాపాడడానికి లోపల గట్టి పలక పెట్టిన ట్రైల్ బూట్లు కూడా దొరుకుతాయి. వేసుకుని చూశాను, బాగానే ఉన్నాయి గానీ పాదం వంగదు, నేల తెలియదు. నేను వీటికి అలవాటు పడిందే ఆ రెండింటి కోసం కాబట్టి వదిలేశాను. ఫోమ్ అట్ట తీసేసి, మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర గట్టి తోలు అట్ట కోయించుకున్నాను. నేను ఊహించని సుఖం దానివల్ల వచ్చింది. కొన్ని వారాలకే తోలు పాదం ఆకారంలోకి అణిగిపోయింది, చెమటకు కాలు లోపల జారడం తగ్గింది, పల్లేరు కాయల బాధ పూర్తిగా పోయింది. పెద్ద ముల్లును తోలు ఆపుతుందని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు పైన బండల గురించి రాసిన మాటలను కొంచెం సవరించాలి. గట్టి రబ్బరు జతతో ఖాజాగూడలో పొడి బండ మీద హాయిగానే ఉంది. వాన పడి పాచి పట్టిన బండ మీద మాత్రం పాత జత పట్టినట్టు పట్టదు. మెత్తటి రబ్బరు బండ గరుకులో ఒదుగుతుంది, అదే మెత్తదనం ముల్లుకు దారి ఇస్తుంది. రెండూ ఒకే సోలులో అడిగితే కుదరదని ఇప్పుడు తెలుస్తోంది. నేల తెలియడం కూడా కాస్త తగ్గింది. వికారాబాద్ అనంతగిరి అడవిలో అయితే వానాకాలం ఈ రెండు జతలూ దండగే. అక్కడి ఎర్రమట్టి చిన్న గట్లలో నిండిపోయి సోలు నున్నగా అయిపోతుంది, దిగుడులో బ్రేకు పడదు. అక్కడికి లోతైన గట్లున్న మామూలు ట్రైల్ షూసే నయం.

కాబట్టి కొనమంటానా అంటే, మీరు పరిగెత్తే నేలను బట్టి చెప్పాలి. నేను బక్కపలచని మనిషిని, చిన్నప్పుడు బడికి కూడా చెప్పుల్లేకుండా నడిచినవాణ్ణి, నా పరుగు నిదానం, దూరం కూడా ఎక్కువ కాదు. బరువున్నవాళ్ళకూ, మారథాన్‌ను మించి పరిగెత్తేవాళ్ళకూ ఇదే సుఖం ఉంటుందని అనుకోను. షుగర్ ఉండి అరికాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళు వీటి జోలికే పోవద్దు, గుచ్చుకున్నది తెలియకపోతే అదే పెద్ద ప్రమాదం. నగరంలో బండల మీదే మీ పరుగైతే మెత్తటి సోలు తీసుకోండి, చాలా ఇష్టపడతారు. ఊళ్ళో చెరువు గట్లు, చేల డొంకల్లో అయితే గట్టిది.

ఏది కొన్నా పరుగు అయ్యాక బూటు తిరగేసి, విరిగి సోలులో ఉండిపోయిన మొనలను పట్టకారుతో తీసేయండి. ఆ రోజు కాలికి తగలని మొన కూడా పలుచని సోలులో అడుగడుక్కీ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. నా రెండో జతలో అలా దిగిన ఒక మొన తోలు అట్ట దాకా వచ్చాకే నా కంటపడింది.