ఏఆర్ వీడియోలో 5 మిల్లీలీటర్లు, మా బోరు నీళ్లకు 17

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తాను. రెండేళ్లుగా ల్యాబ్‌లో ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) వీడియోలు వాడుతున్నాం. స్టాండుకు అంటించిన స్టిక్కర్‌కు ఫోన్ కెమెరా చూపిస్తే, తెర మీద మా బ్యూరెట్ (గీతలు, కింద కుళాయి ఉన్న గాజు గొట్టం), మా ఫ్లాస్కు మీదే వీడియో ఆడుతుంది. మొదటి ఏడాది దీన్ని స్టాఫ్ రూములో వాళ్లకు విసుగొచ్చేదాకా పొగిడాను. గరాటు వల్ల. రీడింగ్ తీసే ముందు బ్యూరెట్ మీది గరాటు తీయండ్రా, అందులో చుక్క జారితే లెక్క పోతుంది అని ఎంత అరిచినా వినేవాళ్లు కాదు. వీడియోలో ఒక చెయ్యి వచ్చి తీసేయడం చూశాక వాళ్లంతట వాళ్లే తీయడం మొదలుపెట్టారు.

పోయిన ఏడాది నీటి కాఠిన్యం టైట్రేషన్‌కు (బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా ద్రావణం వేసి, రంగు మారేదాకా ఎంత పట్టిందో చూసి, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లెక్కగట్టడం) ఎవరి ఊరి నీళ్లు వాళ్లే తెమ్మన్నాను. కోరి తెచ్చుకున్న తంటా. వీడియోలో 20 మి.లీ. నీళ్లకు 0.01 మోలార్ ఈడీటీఏ (బ్యూరెట్‌లో పోసే ద్రావణం) 5 మి.లీ. పడగానే, నీళ్లలో కలిపిన ఇండికేటర్ (రంగు మారి ఎక్కడ ఆపాలో చెప్పేది) ఎరుపు పోయి నీలం వస్తుంది. అంటే లీటరుకు 250 మి.గ్రా. కాఠిన్యం. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే అమ్మాయి తెచ్చిన బోరు నీళ్లు 8 దాటినా ఎర్రగానే ఉన్నాయి. "ఇండికేటర్ పాడైనట్టుంది సార్" అంది. ఇండికేటర్ కొత్తగా కలిపాం, బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) మార్చాం, మళ్లీ మొదలు. తప్పు మా దగ్గరే ఉందని నేనూ నమ్మాను, సిగ్గుచేటు. చివరికి 17 దగ్గర నీలం తిరిగింది. అంటే 850. వేరే నీళ్లకు దిక్కులేని చోట బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటికి ఒప్పుకునే పరిమితే 600. "ఇంట్లో గిన్నెలకు తెల్లగా పెచ్చు కడుతుంది సార్" అని అప్పుడు చెప్పింది.

ఆ అమ్మాయి నయం, అడిగింది. పక్క బల్లల దగ్గర నలుగురు 5.1, 5.1 అని రికార్డులో రాసేసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఫ్లాస్కు ఎర్రగా ఉంది. "ఫోన్లో నీలమే ఉంది కదా సార్" అన్నాడొకడు. నిజమే. వాడి ఫ్లాస్కు మీద వీడియో నీలం పూసేసింది.

గరాటు సంగతి కూడా చెప్పాలి. పరీక్ష రోజు ఫోన్లు బయట పెట్టించాం. సగంమంది గరాటుతోనే రీడింగ్ తీశారు.

అయినా వదులుకోలేను. 30 మందికి ఆరు బ్యూరెట్లు, ఒక అటెండరు, నేను. తలా ఒక బ్యూరెట్ ఉండే కాలేజీకి ఇది అవసరమో కాదో నేను చెప్పలేను. ఇప్పుడైతే ఈడీటీఏను సున్నాకు సర్దేదాకా వీడియో చూపించి ఆపిస్తున్నాను. అక్కడి నుంచి ఫోన్లు కిటికీ గట్టు మీద. ఈ ఏడాది మొదటి టైట్రేషన్‌కు ఆ అమ్మాయినే ఇంకో సీసా తెమ్మన్నాను.