పిల్లికూన బరువు పెరగాలంటే: ఏడాది నిండేదాకా కిట్టెన్ ఫుడ్ వాడినాక నా మాట

కిట్టెన్ ఫుడ్ కొనాలా, ఇంట్లో ఉడకబెట్టిన చికెన్‌తోనే కూనను పెంచొచ్చా అని హన్మకొండలో తెలిసినవాళ్లు చాలామంది నన్ను అడుగుతున్నారు. కొనండి. మా బంటి అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు మొదలుపెట్టి, నిండు గండుపిల్లి అయ్యేదాకా వాడిన. బొచ్చు మెరుపు, ఆట, దొడ్డికి పోయే తీరు, అన్నిటికంటే ముఖ్యంగా వారం వారం పెరిగిన బరువు చూసి చెప్తున్న మాట ఇది.

నాలుగు నెలల వయసు దాకా రాయల్ కానిన్ వాళ్ల మదర్ అండ్ బేబీక్యాట్, ఆ తర్వాత ఏడాది నిండేదాకా అదే కంపెనీ కిట్టెన్ ఫుడ్ పెట్టిన. వాటికి తోడు విస్కాస్ కంపెనీలో కూనలకు వచ్చే తడి ఫుడ్ పౌచ్‌లు. మదర్ అండ్ బేబీక్యాట్ గింజ చాలా చిన్నది. గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు ఉంచితే మెత్తటి ముద్ద అయితది. తల్లి పాలు అప్పుడప్పుడే మానిన కూనకు ఇది పెద్ద సాయం. పళ్లు గట్టిపడేకొద్దీ నీళ్లు తగ్గించుకుంటూ పోతే, గింజను కరకరా నమలడం అదే నేర్చుకుంటది.

ఇసువంటి ఫుడ్ చవక కాదు, నిజమే. కానీ లెక్క వేసి చూడండి. రెండు మూడు నెలల కూన కిలో బరువుంటే రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. పెద్ద పిల్లికి కిలో బరువుకు కావలసినదానికంటే ఇది మూడింతల దాకా ఎక్కువ. 100 గ్రాముల డ్రై ఫుడ్‌లో, అంటే గింజల్లో, 400కు అటూ ఇటూగా కేలరీలు ఉంటయి, అంటే రోజుకు 50 గ్రాములు చాలు. అవే కేలరీలు పౌచ్‌లతోనే ఇయ్యాలంటే రోజుకు మూడు దాకా పడతయి, ఎందుకంటే పౌచ్‌లో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. అందుకే బంటి బరువు పెంచింది డ్రై ఫుడ్, వాడికి నీళ్లు తాగించింది పౌచ్. పిల్లికి దాహం తక్కువ, గిన్నెలో నీళ్లు పెట్టినా సరిపడా తాగదు. మన వరంగల్ ఎండల్లో, మే నెలలో అయితే ఆ పౌచ్ లేకుండా ఊహించుకోలేను. ఫ్రిజ్‌లో పెట్టిన సగం పౌచ్‌ను అట్లనే పెడితే వాసన చూసి పక్కకు జరిగేది. గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేచి, పరుగున వచ్చి తినేది. తిననిది గంట దాటితే పారేసిన, ఎండాకాలం ఇంకా ముందే.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. పెరిగే కూనలకు పూర్తి ఆహారమని రాసి ఉండాలి. అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే ఏఏఎఫ్‌సీఓ అనే సంస్థ లెక్క ప్రకారం, తేమ తీసేసి లెక్కిస్తే కూనల ఆహారంలో ప్రోటీన్ కనీసం 30 శాతం, పెద్ద పిల్లులకు 26 శాతం. టారిన్ అన్న పోషకం పేరు కూడా కనబడాలి. పిల్లి ఒళ్లు దీన్ని సరిపడా తయారు చేసుకోలేదు. టారిన్ తక్కువైతే పిల్లుల గుండె కండరం బలహీనపడుతదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 1987లో తేల్చినంక, కంపెనీలు తమ ఆహారంలో దాని మోతాదు పెంచినయి. కళ్లు కూడా దీని మీదే ఆధారపడి ఉన్నయి. కుక్కల ఫుడ్‌లో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు కాబట్టి ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు దాని గిన్నెలోదే కూనకూ పెట్టొద్దు. విడిగా తూచి అమ్మే గింజలను ఒక దుకాణంలో వాసన చూసిన, మాడిన నూనె వాసన కొట్టింది. సంచి విప్పి రోజుల తరబడి గాలి తగిలితే అందులోని కొవ్వు చెడిపోతది. చిన్నదైనా సీల్ ఉన్న ప్యాకెట్టే తీసుకోండి, దాన్ని ప్యాకెట్‌తో సహా స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించండి. చీమలకు నేను చేసింది పాత పద్ధతే, పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెట్టడం.

ఇక చికెన్. పక్కింటి అవ్వ బంటిని చూసినప్పుడల్లా, "గా గింజలేంది బిడ్డా, ఇంత కూర బువ్వ వెట్టు, పాలు వొయ్యి, ఎట్ల పెరగదో చూస్త" అనేది. ఆమె ప్రేమకు దండం పెడత. ఎన్ని పిల్లులు ఆమె వాకిట్ల బతికినయో! కానీ ఆ వాకిట్లో పిల్లులు ఎలుకను ఎముకతో సహా తిన్నవి, కాబట్టి వాటికి క్యాల్షియం అందింది. ఫ్లాట్‌లో పెరిగే కూనకు ఎముక లేని మాంసమే పెడితే ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం తక్కువ అయ్యి ఎముకలు మెత్తబడతయి, కుంటడం మొదలైతది. అట్లని ఉడికిన ఎముక వేయకూడదు, అది చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటది. మన కూరలో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ లేనిదెక్కడ? ఆ రెండూ పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను పాడుచేస్తయి. నేను చికెన్‌ను ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి, సన్నగా చీల్చి, ఆ ఉడికిన నీళ్లతోనే డ్రై ఫుడ్ మీద చల్లేదాన్ని. టారిన్ కొంత ఆ నీళ్లలోకే దిగుతది, పారబోయొద్దు. మొత్తం తిండిలో పదో వంతు దాటనియ్యలే. కార్జం అంటే ప్రాణం పెట్టేది, అయినా ఎప్పుడో ఒక ముక్కే. అందులో విటమిన్ ఏ ఎక్కువ, రోజూ పెడితే మెడ ఎముకలు బిగుసుకుపోయే జబ్బు వస్తది. ఆవు పాలు, గేదె పాలు అసలు వద్దు. తల్లి పాలు మానినంక ఆ పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గుతది, చాలా కూనలకు విరేచనాలు పట్టుకుంటయి. తిన్నదంతా పోతే బరువెక్కడ పెరుగుతది?

ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకునే వస్తువు ఫుడ్ కాదు, వంటింటి డిజిటల్ త్రాసు. ఐదు కిలోల దాకా తూగేది చాలు. ప్లాస్టిక్ డబ్బా పెట్టి సున్నాకు తెచ్చి, కూనను అందులో కూర్చోబెట్టి, ప్రతి ఆదివారం పొద్దున తిండికి ముందు తూచి క్యాలెండర్ మీద రాసిన. ఆరోగ్యంగా ఉన్న కూన వారానికి 100 గ్రాముల దాకా పెరుగుతది. మొదటి నాలుగైదు నెలలు, నెలకు ఇంచుమించు అరకిలో. ఈ అంకె చేతిలో ఉంటే ఎవరి మాటకూ భయపడక్కర్లేదు.

మా బంటి వచ్చినప్పుడు బొజ్జ డప్పులెక్క ఉండేది, చూసినోళ్లంతా బొద్దుగా ఉన్నడన్నరు. త్రాసు మాత్రం వేరే చెప్పింది. వెన్నుపూస చేతికి తగులుతున్నది, బరువేమో కదలట్లేదు. పశువుల డాక్టర్ చూసి నులిపురుగులన్నరు. తల్లి పాల నుంచే ఇవి కూనకు అంటుకుంటయి, కాబట్టి బయట తిరగని కూనకూ ఉంటయి. మందు బరువును బట్టి ఇస్తరు, రెండు వారాలకోసారి మళ్లీ వేయాలి. అది పడ్డంక అదే తిండికి, అదే కొలతకు బరువు సర్రున లేచింది. అందుకే చెప్తున్న, ఎంత ఖరీదైన ఫుడ్ కొన్నా పురుగుల మందు వేయకపోతే మీరు పురుగులను మేపుతున్నట్టే. మందుల షాపులో అడిగి సొంతంగా వేయకండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉండడం మన వరంగల్ వాళ్లకు మస్తు ధైర్యం, అక్కడికైనా పోండి, దగ్గరి పశువుల దవాఖానకైనా పోండి. టీకాల సంగతి కూడా అప్పుడే అడగండి, ఎనిమిది వారాల వయసు నుంచి మొదలైతయి. చిన్న కూన ఒక రోజు ముద్ద ముట్టకపోతే రేపు చూద్దామనుకోవద్దు, అదే రోజు తీసుకపోండి.

నాలుగు నెలలు వచ్చేదాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. దాని పొట్ట చిన్నది, ఒక్కసారే నింపితే కక్కుతది. క్యాల్షియం సిరప్‌లు, బలం టానిక్‌లు నేను వాడలే. పూర్తి ఆహారం తినే కూనకు డాక్టర్ చెప్పకుండా పైనుంచి క్యాల్షియం పోయడం మంచిది కాదు.

ఆరో నెలలో పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించినంక ఆకలి పెరిగింది, ఒంటికి అవసరం తగ్గింది. అప్పటి నుంచి త్రాసు పని తారుమారైంది, ఎక్కువ పెరగకుండా చూడడానికి. పక్కటెముకలు కంటికి కనబడొద్దు, చేత్తో నిమిరితే మాత్రం తగలాలి. ఏడాది నిండినంక పెద్ద పిల్లుల ఫుడ్‌కు మారినం. మొదట పాతదాంట్లో పావు వంతు కొత్తది కలిపి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చినం, కడుపు పాడు కాలేదు. ఇప్పుడు రోజుకు 45 గ్రాముల గింజలు, రాత్రి సగం పౌచ్ పెడుతున్న.