సూట్‌కేసు ముందు వెళ్తుంది, మనం నిదానంగా వెళ్లవచ్చు: జపాన్‌లో యమాటో టక్యూబిన్ సేవ

జపాన్ వెళ్లివచ్చిన వారంతా అక్కడి రైళ్ల సమయపాలనను, వీధుల శుభ్రతను మెచ్చుకుంటారు. ఆ దేశపు నిత్యజీవనాన్ని నాకు అన్నింటికంటే దగ్గరగా చూపించింది మాత్రం యమాటో సంస్థ నడిపే టక్యూబిన్ అనే సామాను చేరవేత సేవ. పిల్లను నోట కరచుకొని నడిచే నల్లపిల్లి బొమ్మ వేసిన దాని వాహనాలు ఊరూరా తిరుగుతుంటాయి. టోక్యోలో హోటలు ఖాళీ చేసేటప్పుడు పెద్ద సూట్‌కేసును అక్కడే అప్పగించి చేతిసంచితో రైలెక్కితే, సాధారణంగా మరుసటి రోజుకు అది క్యోటోలోని హోటలుకు చేరుతుంది.

అప్పగించే పద్ధతిని నేను దగ్గరుండి గమనించాను. కౌంటరు దగ్గరి ఉద్యోగిని టేపు తీసి సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, మూడింటినీ కూడి ధర చెప్పింది. లోపల పగిలే వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆ తరువాత, చేరవలసిన హోటల్లో గది ఏ పేరు మీద ఉందో, ఏ తేదీన దిగుతామో అడిగి తానే ఫారంలో రాసింది. ఈ రెండు వివరాలూ సరిగా ఉంటేనే అవతలి హోటలు వారు సామాను ఎవరిదో గుర్తించి భద్రపరచగలరు కనుక, వాటిని మనమూ ఒకసారి సరిచూసుకోవాలి. నగదు, పాస్‌పోర్టు ఇందులో పంపరాదు.

1976 జనవరిలో యమాటో సంస్థ అధిపతి మసావో ఒగురా నాయకత్వంలో ఈ సేవ మొదలైన తొలిరోజున వచ్చినవి 11 పార్సిళ్లే. అంతవరకు సామాన్యులు ఏదైనా పంపాలంటే తపాలా కార్యాలయానికో రైల్వేకో వెళ్లవలసి వచ్చేది. ఇంటి గుమ్మం దగ్గర తీసుకొని మరో ఇంటి గుమ్మం దగ్గర ఇచ్చే పద్ధతి ప్రజలకు ఎంత అవసరమో ఒగురా గ్రహించారు. ఈనాడు జపనీయులు స్కీయింగ్ పరికరాలను, గోల్ఫ్ కర్రలను, చల్లగా ఉంచవలసిన చేపలను కూడా ఇలాగే పంపుతారు. కిక్కిరిసిన రైల్లో తమ సామాను ఎదుటివారికి అడ్డం కాకూడదన్న పట్టింపు వారిలో బలంగా ఉంటుంది, ఆ పట్టింపును నిలబెట్టుకోవడం ఈ సేవ వల్ల సులువైంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేళల ఏర్పాటు. ఇంటికి తెప్పించుకునేవారు ఉదయమా, మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్యనా, రాత్రి 7 నుంచి 9 గంటల మధ్యనా అని ముందే చెప్పవచ్చు, ఆ వేళకు ఇంట్లో ఉండటం తమ బాధ్యత అనుకుంటారు. ఎవరూ లేకపోతే డ్రైవరు ఒక చీటీ వదిలి వెళ్లి, కబురు చేస్తే అదనపు రుసుము లేకుండా మళ్లీ తెస్తాడు. అయితే ఆ రెండో రాకపోకల భారమంతా అతడి మీదే పడుతుంది. డ్రైవర్లకు భోజన విరామం దొరకాలని 2017లో మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల వరకు ఉన్న వేళను సంస్థ తొలగించింది. వినియోగదారుల సౌకర్యం కొంత తగ్గినా అది న్యాయమైన నిర్ణయమని నా అభిప్రాయం.

పెద్ద సూట్‌కేసును టోక్యో నుంచి క్యోటోకు పంపడానికి సుమారు 2,000 నుంచి 3,000 యెన్లు అవుతుంది. మూడు కొలతల మొత్తం 200 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు దాటరాదు. 2020 మే నుంచి టోక్యో, క్యోటోల మధ్య నడిచే షింకన్‌సెన్ అనే అతివేగ రైళ్లలో మూడు కొలతల మొత్తం 160 సెంటీమీటర్లు దాటిన సామానుకు ప్రత్యేక సీటు ముందుగా కేటాయించుకోవలసి ఉంటుంది కనుక, ఈ ఖర్చు నాకు భారమనిపించలేదు. దూరప్రాంతాలైన హొక్కయిడో, ఒకినావాలకు మాత్రం ఎక్కువ రోజులు పడుతుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు ఎప్పుడూ చేతిసంచిలో ఉంచుకోవాలి.

భారతీయులు ఎక్కువగా నివసించే, టోక్యోలోని నిషి కసాయి వంటి ప్రాంతాలకు, పిల్లల దగ్గరకు వచ్చే మన పెద్దవారికి నేను దీన్ని గట్టిగా సూచిస్తాను. లిఫ్టు లేని స్టేషను ద్వారాల దగ్గర నిండు సూట్‌కేసుతో మెట్లెక్కడం వారి మోకాళ్లకు తగని పని. నరీటా, హనేడా విమానాశ్రయాల్లో దిగగానే కౌంటరులో సామాను అప్పగించి, మరుసటి రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండే వేళను ఫారంలో రాయించండి. తిరుగు ప్రయాణంలోనూ ఇంటి నుంచే విమానాశ్రయానికి పంపవచ్చు, కాని విమానం బయలుదేరే రోజుకు కనీసం రెండు రోజుల ముందే అప్పగించాలి.